మధ్యయుగపు యుద్ధ గొడ్డలి: నకలు కొనడం, కామ బిగించడం

గండ్రగొడ్డలి అనగానే మనకు కళ్లముందు మెదిలేది పరశురాముడి చేతిలోది. యూరప్ మధ్యయుగపు గొడ్డలి కొందామనుకునేవాళ్లు కూడా చాలామంది ఆ బొమ్మతోనే వెతకడం మొదలుపెడతారు. చివరికి రెండు వైపులా వాదర, మధ్యలో పుర్రె బొమ్మ ఉన్న మూడు కిలోల ఇనుపముద్ద ఇంటికి వస్తుంది. అలాంటిది సినిమాల సరుకు, వీడియో గేముల సరుకు. మధ్యయుగపు యూరప్ సైనికుడు మోసిన గొడ్డలికి వాదర ఒకవైపే. పైగా అది చూసినవాళ్లు ఆశ్చర్యపోయేంత పలచగా, తేలికగా ఉండేది.

కొనేటప్పుడు అందరూ వాదర చూస్తారు. మీరు కన్నం చూడండి. కామ (పిడి కర్ర) దూరే ఆ కన్నం సరిగా ఉంటే మిగతా లోపాలు చాలావరకు సరిచేసుకోవచ్చు. అది వంకరగా ఉంటే ఎంత మంచి ఉక్కైనా మీ గోడమీద తల వాల్చుకునే ఉంటుంది.

ఏ గొడ్డలి?

మొదటిసారి కొనేవాళ్లకు డేన్ గొడ్డలి, అంటే వైకింగుల కాలపు పొడుగు కామ, వెడల్పాటి వాదర ఉన్న గొడ్డలి, మంచిది. నార్వే పరిశోధకుడు యాన్ పీటర్సన్ 1919లో వైకింగ్ ఆయుధాలను రకాలుగా విడదీసినప్పుడు గొడ్డళ్లకు అక్షరాల పేర్లు పెట్టాడు. ఈ వెడల్పాటి గొడ్డళ్లు ఎల్, ఎం రకాలు. అమ్మకాల పేజీల్లో "టైప్ ఎం" అని కనబడేది దీని గురించే. వాదర పొడవు 20 నుంచి 30 సెం.మీ., కామ 90 నుంచి 120 సెం.మీ., మొత్తం బరువు కిలో నుంచి రెండు కిలోలు. 1066 హేస్టింగ్స్ యుద్ధాన్ని చూపించే బాయూ వస్త్రచిత్రంలో ఇంగ్లిష్ సైనికులు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నది ఇదే.

ఏదో ఒక అసలు వస్తువును దగ్గర పెట్టుకుని నకలును దానితో పోల్చండి. నార్వేలోని లాంగైడ్‌లో 2011లో దొరికిన గొడ్డలి ఇందుకు చక్కగా పనికొస్తుంది. తుప్పు తినగా మిగిలిన తల ఇప్పుడు 550 గ్రాములు. కొత్తలో సుమారు 800 గ్రాములు, కామ సుమారు 110 సెం.మీ. ఉండేవని ఓస్లో మ్యూజియంవాళ్ల అంచనా. ఒక్క తలే రెండు కిలోలున్న "అచ్చమైన వైకింగ్ గొడ్డలి"ని ఎవరైనా అమ్మజూపితే ఈ అంకె గుర్తు తెచ్చుకోండి. డెన్మార్క్‌లోని మామెన్‌లో దొరికిన వెండి పొదిగిన గొడ్డలి ఇంకో ప్రసిద్ధ నమూనా. ఆ సమాధిని క్రీ.శ. 970-71 చలికాలంలో కట్టారని కలప వలయాలను బట్టి తేల్చారు. దాని నకళ్లు చాలా దొరుకుతాయి గానీ, వెండి తీగ పొదగాల్సిన చోట యాసిడ్‌తో గీసిన గీతలే ఎక్కువ. వేలితో తడిమితే తెలిసిపోతుంది.

15వ శతాబ్దపు పోలాక్స్‌ను (వాదర, సుత్తి, ముల్లు ఒకే కామకు ఉన్న ఆయుధం) రెండో కొనుగోలుకు ఉంచుకోండి. దాని బిగింపు వేరే పని, కింద చెప్తాం.

డబ్బు కట్టేముందు చట్టం

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో, తుపాకులు కాని ఆయుధాల జాబితాలో కత్తులు, బల్లేలతో పాటు యుద్ధ గొడ్డలి పేరు నేరుగా ఉంది. వంటింటికి, సేద్యానికి చేసిన పనిముట్లకు మినహాయింపు ఉంది. కట్టెలు కొట్టే గొడ్డలికి ఎవరూ అడ్డుచెప్పనిది అందుకే. ఆటబొమ్మగా తప్ప దేనికీ పనికిరాని, పనికొచ్చేలా మార్చనూ లేని వస్తువులు కూడా చట్టం నిర్వచనంలోకి రావు. కానీ వాదర మొండిగా ఉన్న ఉక్కు గొడ్డలికి ఎప్పుడైనా పదును పెట్టొచ్చు కాబట్టి "ఇది షోపీసు" అన్న ఒక్క మాట సరిపోదు. కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇలాంటివాటికి లైసెన్సు కావాలి. మీ ఊరు అందులో ఉందో లేదో స్థానిక పోలీసు స్టేషన్‌లో కొనకముందే అడగండి. బిల్లు మీద "అలంకరణ నకలు, పదును లేదు" అని రాయించుకుని దాచుకోండి.

విదేశాల నుంచి తెప్పించడం ఇంకా చిక్కు. ఆయుధాలను దేశంలోకి తేవడానికి అదే చట్టం పదో సెక్షన్ విడిగా లైసెన్సు అడుగుతుంది. నిజానికి ఆ అవసరం కూడా తక్కువే. అమెరికా, యూరప్ దుకాణాల్లో అమ్మే నకళ్లలో చాలా భాగం డెహ్రాడూన్, మీరట్‌లలో తయారై వెళ్లేవే. డెహ్రాడూన్‌లోని విండ్‌లాస్, మీరట్‌లోని డీపీకా ఈ రంగంలో ప్రపంచమంతా తెలిసిన పేర్లు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉండే తెలుగువాళ్లు ఒకటి గమనించాలి: అక్కడ 18 ఏళ్లలోపు వారికి గొడ్డలి అమ్మడం నేరం, కాబట్టి వయసు రుజువు అడుగుతారు. అమెరికాలో రాష్ట్రానికో తీరు.

అమ్మేవాళ్లను ఏమడగాలి

ఫొటోలు చూసి కొనొద్దు, కొలతలు అడిగి కొనండి. జవాబు చెప్పలేని దుకాణం సరుకు చేసినవాళ్లది కాదు, చేతులు మార్చేవాళ్లది.

తల బరువు కామ లేకుండా ఎంత? డేన్ గొడ్డలికి 700 నుంచి 1200 గ్రాముల మధ్య ఉండాలి.

వాదరకు రెండు అంగుళాల వెనక రేకు మందం ఎంత? 2 నుంచి 4 మి.మీ. ఉండాలి. 8 మి.మీ. అంటే అది కట్టెలు చీల్చే గొడ్డలికి వైకింగ్ వేషం వేసింది.

కన్నం కొలత పైన ఎంత, కింద ఎంత? రెండూ విడివిడిగా, మి.మీ.లలో కావాలి. చాలామంది ఒకటే కొలత చెప్తారు. పట్టుబట్టండి.

కన్నం ఎలా చేశారు? పట్టీని మడిచి అతికిన తలకు కన్నం వెనకాల సన్నటి అతుకు గీత కనబడుతుంది, అది పాత పద్ధతే. రేకు ముక్కను పైపుకు వెల్డింగ్ చేసిన చవక సరుకుకు లోపల గడ్డలుగడ్డలుగా వెల్డింగ్ పూస ఉంటుంది. దాన్ని పూర్తిగా అరగదీస్తే అతుకు బలం పోతుంది, వదిలేస్తే కామ సరిగా కూర్చోదు. అలాంటిది కొనకపోవడమే మేలు.

ఉక్కు ఏ రకం? 1055, 1065, ఈఎన్9, ఈఎన్45 లాంటి కార్బన్ ఉక్కులు బాగుంటాయి. స్టెయిన్‌లెస్ తళతళ గోడకు బాగుంటుంది గానీ ఆ మెరుపు మధ్యయుగపుది కాదు.

వాదర మందం? సేకరణకైతే 1.5 నుంచి 2 మి.మీ. మొండి అంచు చాలు. ఇంట్లో గ్రైండర్‌తో పదును పెట్టాలని చూడకండి. పలచటి అంచు క్షణాల్లో నీలం రంగుకు తిరుగుతుంది. అంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే.

వీలుంటే తల, కామ విడివిడిగా తెప్పించుకోండి. బిగించి పంపినవి దారిలో తేమకు ఉబ్బి, ఇంటికొచ్చాక ఎండి వదులవుతాయి. ఆ వదులు కనబడకుండా కన్నంలో ఎపాక్సీ జిగురు పోసి పంపే అలవాటు కూడా ఉంది. దాన్ని తీయడానికి పడే పాటు కొత్త కామ బిగించేదానికన్నా ఎక్కువ.

పెట్టె విప్పాక

తలమీద గ్రీజో లక్కర్ పూతో ఉంటుంది. గ్రీజు కిరోసిన్‌తో, లక్కర్ అసిటోన్‌తో పోతుంది, కిటికీలు తెరిచి తుడవండి. ఆ తర్వాత కన్నంలోంచి చూస్తూ తలను వెలుతురుకు ఎత్తండి. నిటారు స్కేలు ఒకటి కన్నంలో నిలబెట్టి పక్కనుంచి చూస్తే వాదర స్కేలుకు సమాంతరంగా ఉందో, ఒక పక్కకు తిరిగిందో తెలుస్తుంది. రెండు మూడు డిగ్రీల తేడాను కామ చెక్కేటప్పుడు సర్దుకోవచ్చు. అంతకు మించితే వాపసు పంపండి.

కన్నం కింది అంచు పదునుగా ఉంటే గుండ్రటి ఆకురాయితో ఒక మి.మీ. ఏటవాలుగా అరగదీయండి. ఇది తప్పనిసరి. ఆ పదును అంచు కామ ఎక్కేటప్పుడు నారను కోసుకుంటూ పోతుంది, రేపు విరిగితే అక్కడే విరుగుతుంది.

కన్నంలో పెద్ద మూతి ఏదో చూడండి. కింది నుంచి కామ దూర్చి పైన చీల కొట్టే పద్ధతికి పెద్ద మూతి పైకి ఉండాలి. కొన్ని నకళ్లకు మాత్రం పై కొస లావుగా ఉన్న కామ జతచేసి పంపుతారు. పైనుంచి దూర్చి కిందికి లాగి బిగించే కామ అది. చీల అక్కర్లేదు, విప్పి దాచుకోవడం తేలిక. దానికి కూడా పెద్ద మూతి పైకే ఉండాలి, తలను తిప్పనక్కర్లేదు. కాబట్టి మీకు వచ్చిన కామ ఏ పద్ధతికి చేసినదో ముందే తేల్చుకోండి.

కామకు కర్ర

యూరప్‌లో యాష్ కర్ర వాడేవాళ్లు. మన దగ్గర అది దొరకదని బాధపడనక్కర్లేదు, గొడ్డలి కామల కర్రలు మనకూ ఉన్నాయి. చిరుమాను మంచిది, నల్లతుమ్మ కూడా సరే. టేకు చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ దెబ్బకు పెళుసు. గోడకే పరిమితమైతే ఫరవాలేదు.

జాతి కన్నా నార ముఖ్యం. కర్ర చివర వలయాల గీతలు వాదర ఉన్న తలానికి సమాంతరంగా నడవాలి. పక్కనుంచి చూస్తే నార ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి, మధ్యలో పక్కకు జారిపోకూడదు. రంపంతో కోసిన పలకల కన్నా నార వెంబడి చీల్చిన కర్రే దీనికి సరైనది. కణుపులు కన్నం దగ్గర అస్సలు ఉండకూడదు.

పచ్చి కర్రతో పని చేయకండి. తేమ 10-12 శాతానికి దిగాలి. తేమ కొలిచే పరికరం లేకపోతే కర్రను వారానికోసారి తూచండి, వరుసగా మూడు వారాలు బరువు మారకపోతే చాలు. తర్వాత గొడ్డలి ఉండబోయే గదిలోనే రెండు వారాలు పడుకోబెట్టండి. విశాఖలో వానాకాలంలో బిగించిన కామ హైదరాబాద్ ఏసీ గదికి వస్తే వదులైపోతుంది, ఎవరు బిగించినా అంతే. కర్ర అడ్డంగా కుంచించుకుంటుంది, నిలువునా దాదాపు మారదు. కాబట్టి మార్చి నుంచి మే వరకు, గాలి పొడిగా ఉన్నప్పుడు బిగించడం మేలు. వానల్లో అది కాస్త ఉబ్బి ఇంకా గట్టిపడుతుంది.

బిగింపు

ఒక నిజమైన కొలతతో చెప్తే సులభం. కన్నం కింద 36×24 మి.మీ., పైన 38×26 మి.మీ., ఎత్తు 30 మి.మీ. అనుకుందాం.

1. కన్నం కింది మూతిని కర్ర చివర పెట్టి పెన్సిల్‌తో గీయండి. గీతకు అర మి.మీ. బయటే ఆగుతూ బాడిసతోనో కత్తితోనో చెక్కండి. గీత దాకా వెళ్లాల్సింది ఆకురాయితోనే. కామ నాలుక, అంటే కన్నంలో దూరేలా చెక్కిన కొస, కన్నం ఎత్తుకన్నా 10 మి.మీ. పొడవుండాలి.

2. కన్నం లోపల కాటుకో పెన్సిల్ పొడో పూసి తలను చేత్తో ఎక్కించి తీయండి. నలుపు అంటిన చోట మాత్రమే గీకండి. ఎనిమిది, పదిసార్లు ఇలా చేయాలి. విసుగొచ్చి ఒకేసారి ఎక్కువ గీకితే ఆ ఖాళీ మళ్లీ పూడదు. మొత్తం పనిలో సగం సమయం ఇక్కడే పోవాలి.

3. రంపంతో కన్నం పొడవు దిశలో, అంటే వాదర చూసే వైపుకు, మధ్యలో గాడి కోయండి. లోతు కన్నం ఎత్తులో మూడింట రెండు వంతులు, మన లెక్కకు 20 నుంచి 22 మి.మీ. ఇంకా లోతుకు పోతే చీల కొట్టినప్పుడు చీలిక తల కిందికి దిగుతుంది.

4. చీల గట్టి కర్రతో చేయండి, నార నిలువుగా ఉండాలి. మందం లెక్క ఇది: పై మూతి వెడల్పు 26, నాలుక వెడల్పు 24, తేడా 2. గాడి వెడల్పు 2 కలిపితే 4. కర్ర నొక్కుకోవడానికి ఇంకో 1 నుంచి 1.5. కాబట్టి చీల కొన దగ్గర 1.5 మి.మీ. ఉండి, 20 మి.మీ. పైకి వచ్చేసరికి 5.5 మి.మీ. కావాలి. పట్టుకోవడానికి మొత్తం పొడవు 40 మి.మీ. ఉంచుకోండి.

5. తల ఎక్కించడానికి తలమీద కొట్టకండి. కామను నిలువుగా, తల కిందికి వేలాడేట్టు పట్టుకుని కామ అడుగు కొసను కొయ్యసుత్తితో కొట్టండి. బరువైన తల ఉన్నచోటే ఉంటుంది, కామ అందులోకి దూసుకుపోతుంది. అడుగు కొసను ముందే అంచులు విరిచి గుండ్రంగా చేయకపోతే అక్కడ పెచ్చులు లేస్తాయి.

6. పైన నాలుక 4, 5 మి.మీ. బయటికి వచ్చాక వాదర కామతో ఒకే వరుసలో ఉందో లేదో చివరిసారి చూడండి. ఇక్కడి దాకా విప్పొచ్చు, చీల కొట్టాక కుదరదు.

7. చీలకు అవిసె నూనె రాసి, చిన్న దెబ్బలతో, రెండు కొసల మీద మార్చి మార్చి కొట్టండి. మొదట మెత్తటి చప్పుడు, తర్వాత గట్టిగా ఖణేల్‌మనే చప్పుడు వస్తుంది. చప్పుడు మారగానే ఆపేయండి. మడిచి అతికిన కన్నానికి గోడలు పలచన. అవసరానికి మించి కొడితే వెనకాల అతుకు విచ్చుకుంటుంది, దాన్ని మళ్లీ అతకడం ఇంట్లో అయ్యే పని కాదు.

8. ఒక రోజు ఆగి, మిగిలిన చీలను, నాలుకను కన్నం పైన 3 మి.మీ. వదిలి కోయండి. ఆ 3 మి.మీ. కొంచెం విచ్చుకుని తల జారకుండా ఆపుతుంది.

ముందువెనకల ఒక్కో మి.మీ. సందు మిగులుతుంది, ఎందుకంటే ఒక చీల వెడల్పునే నింపుతుంది. అది మామూలే. సందు అంతకన్నా పెద్దదైతేనే అడ్డంగా సన్నటి ఇనుప చీల ఒకటి వేయండి.

కామ వదులైతే గొడ్డలిని నీళ్లతొట్టిలో పడేయడం మన పల్లెల్లో మామూలు. రోజూ వాడే గొడ్డలికి ఆ పూట గడిస్తే చాలు. నకలుకు మాత్రం అది చేటు. ఉబ్బిన నార ఇనుముకు నొక్కుకుని నలిగిపోతుంది, ఎండాక మునుపటికన్నా వదులవుతుంది, పైగా కన్నం లోపల తుప్పు పడుతుంది. డేన్ గొడ్డలికి కన్నం ఎత్తు తక్కువ, కామ పొడవు ఎక్కువ. ఇంత పొడవు కర్ర చివర కాస్త వదులున్నా ఊగులాట పెద్దగా కనిపిస్తుంది.

పోలాక్స్ అయితే

దీని తల ఒకే ముక్క కాదు. వాదర, వెనక సుత్తి, పైన ముల్లు వేరువేరుగా ఉండి, అడ్డంగా దూర్చిన గట్టి పిన్నుతో కలుస్తాయి. కామ గుండ్రంగా కాక మూలలు విరిచిన దీర్ఘచతురస్రంగా ఉంటుంది, చేతిలో వాదర ఎటుందో చూడకుండానే తెలియడానికి. తల నుంచి కిందికి ఇనుప పట్టీలు దిగుతాయి. చవక నకళ్లలో ఈ పట్టీలు జానెడు కూడా ఉండవు, వాటికి ప్లస్ గాడి స్క్రూలు బిగిస్తారు. ఆ స్క్రూలు తీసేయడమే మొదటి పని.

పట్టీ మందమంత లోతు, మామూలుగా 2 నుంచి 3 మి.మీ., కామలో ఉలితో గాడి తీసి పట్టీని కర్రతో సమంగా కూర్చోబెట్టండి. 4 మి.మీ. రివెట్లకు 4 మి.మీ. డ్రిల్‌తోనే కన్నాలు వేయాలి. సన్నటి కన్నంలోకి రివెట్ బాదితే నార చీలుతుంది. ఎదురెదురు పట్టీల రివెట్లు ఒకే ఎత్తులో, ఒకే నార మీద పడకుండా కాస్త పైకి కిందికి జరపండి. అవతలి పట్టీలోంచి 4 మి.మీ. బయటికి వచ్చేలా కోసి, ఇనుప దిమ్మె మీద పెట్టి గుండ్రటి సుత్తితో చిన్న దెబ్బలతో తల విప్పారనివ్వండి. పై నుంచి కిందికి వరుసగా కాకుండా, ముందు పైది, తర్వాత అన్నిటికన్నా కిందిది, ఆ తర్వాత మధ్యవి బిగిస్తే పట్టీ వంగదు.

నూనె, మైనం, గోడ

కామకు కాచిన అవిసె నూనె నాలుగు పూతలు వేయండి. ప్రతిసారీ పావుగంట ఆగి, పీల్చుకోనిది పూర్తిగా తుడిచి, ఒక రోజు ఎండనివ్వాలి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె గాలిలో ఎండుతూ వేడి పుట్టిస్తుంది, చుట్టిన గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరుబయట పరచండి, లేదా నీళ్లలో తడిపి పారేయండి. ఆముదం, కొబ్బరినూనె ఎండవు, కామ జిడ్డుగా మిగిలిపోతుంది. ఎర్రటి మహాగని వార్నిష్ వేస్తే మాత్రం మధ్యయుగం అక్కడితో సరి.

తలకింద తోలుపట్టీ చుట్టడం దుకాణాల అలంకారం. దాని కింద తేమ నిలుస్తుంది తప్ప వేరే ప్రయోజనం లేదు. అలంకారం కావాలంటే లాంగైడ్ గొడ్డలి కామకు ఇత్తడి రేకు చుట్టి ఉంది, అది చేయించుకోండి.

ఉక్కుకు మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాసి మెత్తటి గుడ్డతో రుద్దండి. తీరప్రాంతంలో రెండు నెలలకోసారి, లోపలి జిల్లాల్లో ఆరు నెలలకోసారి చాలు. పట్టుకున్న ప్రతిసారీ వేలిముద్రలు తుడవండి, చెమటలోని ఉప్పు మరునాటికే గోధుమరంగు మచ్చ అవుతుంది. డబ్ల్యూడీ-40 తేమను తరుముతుంది గానీ నెలల తరబడి కాపాడదు. తోలు తొడుగులో ఉంచి దాచకండి, తోలు పదును చేయడానికి వాడిన రసాయనాలు ఇనుమును తింటాయి.

పొడుగు కామను గోడకు ఆనించి మూల నిలబెడితే కాలక్రమంలో విల్లులా వంగొచ్చు. అడ్డంగా రెండు కొక్కేల మీద పెట్టండి, ఒకటి తలకు దగ్గరగా, రెండోది కామ పొడవులో మూడో వంతు మిగిలిన చోట. కొక్కేలు ప్లాస్టరింగులో కాదు, ఇటుకలోకి దిగాలి. పిల్లలున్న ఇంట్లో ఆరడుగులకు పైన, కిందికి లాగినా ఊడిరాకుండా ఒక తాళపు కొక్కెంతో.

మొదటి వేసవి గడిచాక తలను పట్టుకుని ఊపి చూడండి. టకటకమంటే ముందు దశ 5లో చెప్పినట్టు కామ అడుగు కొట్టండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. అప్పటికీ కదిలితే, పైన వదిలిన 3 మి.మీ.లో చీలకు ఒక పక్కన సన్నటి ఉలి దించి, అర మి.మీ. పలచటి రెండో చీల నూనెతో కొట్టండి. జిగురు పోయకండి. పదేళ్ల తర్వాత కామ మార్చాల్సి వచ్చినప్పుడు తల కింద కామ కోసేసి, కన్నంలోని ముక్కను డ్రిల్‌తో తొలిచి కింది నుంచి పైకి కొడితే ఊడి రావాలి.